పాపానికి రశీదు

పూర్వం పాపం చేసినవాళ్ళు ప్రాయశ్చిత్తం చేసుకునేవారు. ఇప్పుడు పన్ను కడుతున్నారు. ప్రాయశ్చిత్తంలో ఒక చిక్కుంది. "మళ్ళీ చెయ్యను" అని మనసులోనైనా అనుకోవాలి. పన్నుతో ఆ బాధ లేదు. డబ్బు పారేసి, రేపు మళ్ళీ వస్తానని చెప్పి మరీ వెళ్ళొచ్చు.

ఏదో ఒక ధర పెరిగిందని పేపర్లో వచ్చిన రోజున మన ఇళ్ళల్లో జరిగే సంభాషణ గుర్తుతెచ్చుకోండి. గ్యాసు పెరిగిందంటే గుండెలు బాదుకుంటాం. నూనె పెరిగిందంటే నిట్టూరుస్తాం. సిగరెట్ల మీద పెంచారట, బ్రాందీ మీద పెంచారట అంటే మాత్రం "మంచి పని చేశారు, ఇంకా వెయ్యాల్సింది" అంటాం. జనం చేత చప్పట్లు కొట్టించుకునే పన్ను ఇదొక్కటే అనుకుంటాను.

మన దృష్టిలో ఆ పన్ను కట్టేది ఎవడో తాగుబోతు. వాడికి తగిన శాస్తి అయింది. ఆ డబ్బుతో బళ్ళో, ఆస్పత్రులో కడతారు. చెడ్డ అలవాటు దగ్గర తీసి మంచి పనికి పెడుతున్నారు, ఇంతకంటే ధర్మం ఏముంటుంది? వినడానికి చాలా బాగుంది. నాకు మాత్రం ఈ లెక్కలో ఎక్కడో ఒక మనిషిని మరిచిపోయినట్టు అనిపిస్తుంది.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తీస్తే సురాధ్యక్షుడని ఒక ఉద్యోగి కనిపిస్తాడు. మద్యం తయారీ, అమ్మకం అంతా ఆయన చేతిమీదుగా జరగాలి. ద్యూతాధ్యక్షుడు మరొకాయన. జూదం ఆడించి, గెలిచినవాడి సొమ్ములో నూటికి ఐదు ఖజానాకి తీస్తాడు. వేశ్యలకీ ఒక అధ్యక్షుడున్నాడు, వాళ్ళ సంపాదనలోనూ రాజుగారికి భాగం ఉంది. నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే, పానశాల ఎలా ఉండాలో కూడా ఆ పుస్తకంలో రాసిపెట్టారు. వేరువేరు గదులుండాలట. పడకలూ, ఆసనాలూ, గంధం, పూలమాలలూ, నీళ్ళూ, ఏ ఋతువులోనైనా సుఖంగా ఉండేలా అమర్చాలట. మగపెళ్ళివారి విడిదికి కూడా మనం ఇంత శ్రద్ధ తీసుకోం! మళ్ళీ అదే పుస్తకంలో, మద్యం కొద్దికొద్దిగా, నడవడి తెలిసినవాళ్ళకే అమ్మాలన్న జాగ్రత్తా ఉంది. ఒక చేతిలో పూలమాల, ఇంకో చేతిలో బెత్తం. ఇన్ని వందల ఏళ్ళు గడిచినా ఆ రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

మనుస్మృతిలో దీనికి పక్కన పెట్టి చూడవలసిన మాట ఒకటుంది. ప్రజలని చక్కగా రక్షించే రాజుకి వాళ్ళ పుణ్యంలో ఆరో వంతు చేరుతుంది. రక్షించకపోతే వాళ్ళ పాపంలో ఆరో వంతు చేరుతుంది. పంటలో ఆరో వంతు పన్నుగా తీసుకునేవాడికి పాపంలోనూ అంతే వాటా. మను చెప్పిన సంగతుల్లో ఆడవాళ్ళకి నచ్చేవి అట్టే ఉండవు గాని, ఈ లెక్క మాత్రం నాకు నచ్చింది. డబ్బు వేరు, పాపం వేరు అని ఇందులో లేదు. ఒకటి పుచ్చుకుంటే రెండోది కూడా నెత్తికెత్తుకోవాలి.

రోమును పాలించిన వెస్పాసియన్ చక్రవర్తి ఇలాంటివి నమ్మే మనిషి కాడు. ఆ ఊళ్ళో మరుగుదొడ్ల నుంచి మూత్రం పోగుచేసి బట్టలుతికేవాళ్ళకి అమ్మేవారు. ఉతకడానికి అది పనికొచ్చేదిట. ఆయన దానిమీద పన్ను వేశాడు. కొడుకు టైటస్‌కి రోత పుట్టి, ఇదేం పన్ను అని తండ్రిని తప్పుపట్టాడు. ఆ పన్నులో వచ్చిన నాణెం ఒకటి తీసి, కొడుకు ముక్కు దగ్గర పెట్టి, వాసనేమైనా వస్తోందా అని అడిగాడట తండ్రి. సూటోనియస్ అనే రచయిత రాసిన కథ ఇది. నాణేనికి వాసన లేదు, నిజమే. కాని ఆ నాణెం కోసం రోజూ అక్కడ చెయ్యి చాపి నిలబడ్డ మనిషికి? కొన్నాళ్ళకి వాడికి ఆ వాసన వాసనగా తెలియడం మానేస్తుంది కదా. నన్ను భయపెట్టేది అదీ.

నాకు తెలిసిన పిన్నిగారొకావిడ ఉండేవారు. బాబాయిగారికి సిగరెట్ల అలవాటు. చెప్పి చెప్పి విసిగిపోయి ఆవిడ ఒక హుండీ పెట్టారు. సిగరెట్టుకి రూపాయి జరిమానా. బాబాయిగారు నిజాయితీపరులు. ఇంట్లో కాల్చినా, ఆఫీసులో కాల్చినా లెక్కపెట్టుకుని సాయంత్రం కాఫీ తాగే ముందు చిల్లర వేసేవారు. మొదట్లో హుండీ మోగినప్పుడల్లా పిన్నిగారు ఒక చూపు చూసేవారు. కొన్ని నెలలకి ఆ డబ్బుతో కుక్కరు వచ్చింది. ఆ తర్వాత తిరుపతి ప్రయాణానికని పోగుచెయ్యడం మొదలైంది. ప్రయాణం రోజు దగ్గరపడుతోంది. ఒకనాడు హుండీ ఊపి చూసి, వంటింట్లోంచే కేకేశారు. "ఏమండీ, ఈ నెల చప్పుడు తగ్గిందేం?"

ఆయన సిగరెట్లు తగ్గించారు! ఏ కోరికతో హుండీ పెట్టారో ఆ కోరిక తీరుతోంది. ఆవిడకి మాత్రం రైలు టిక్కెట్లు కళ్ళముందు మెదిలాయి. ఈ సంగతి ఆవిడే అందరికీ చెప్పి పడిపడి నవ్వేవారు.

జరిమానా అంటే "ఇలా చెయ్యకు" అని. పన్ను అంటే "చేసుకో, నా వాటా నాకిచ్చి చేసుకో" అని. పిన్నిగారి హుండీ జరిమానాగా మొదలై, కుక్కరు కొన్న రోజున పన్నుగా మారింది. మారినట్టు ఆవిడకే తెలియలేదు. అక్కడున్నవి చిల్లర రూపాయలు కనక నవ్వుకుని ఊరుకున్నాం. హుండీ రాష్ట్రమంత అయినప్పుడు, తిరుపతి ప్రయాణానికి బదులు ఉద్యోగుల జీతాలూ, ముసలివాళ్ళ పింఛన్లూ, రోడ్లూ ఆ చప్పుడు మీద ఆధారపడినప్పుడు, చప్పుడు తగ్గాలని మనసారా కోరుకునే ఆర్థిక మంత్రి ఎక్కడ దొరుకుతాడు?

సరే, ఇంతకీ ఆ హుండీలో పడే డబ్బు ఎవరిది? బాబాయిగారిది జేబు ఖర్చు. ఇంటికి ఇవ్వవలసింది ఇచ్చాక మిగిలింది. కూలిచేసుకునే ఇంట్లో జేబు ఖర్చని వేరే ఉండదు, ఉండేది ఒకటే సంచి. రోజు కూలి ఏడువందలు అనుకోండి. సీసాకి రెండువందలు పోయాయనుకోండి. అందులో పెద్ద భాగం సర్కారుదే. ధర పెంచితే వాడికి బుద్ధొస్తుందని మనం అనుకుంటాం. రాకపోతే? రెండువందలు కాస్తా మూడువందలవుతాయి. పెరిగిన ఆ వంద వాడి సుఖంలోంచి రాదు. పాలపాకెట్టు మానెయ్యడంలోంచి వస్తుంది. కూరలో నూనె తగ్గించడంలోంచి, పిల్ల నోటుపుస్తకాలు వచ్చే నెలకి వాయిదా వెయ్యడంలోంచి వస్తుంది. మోకాళ్ళు సలుపుతున్నా ఇంకో రెండిళ్ళు అంట్లు తోమడానికి ఒప్పుకున్న ఇల్లాలి ఒంట్లోంచి వస్తుంది. తాగినవాడి మీద పన్ను వేశామని మనం చప్పట్లు కొడుతున్నాం. గ్లాసు ముట్టని మనిషి ఆ పన్ను కడుతోంది.

వాల్మీకి కథ చిన్నప్పుడు అందరం విన్నాం. బాటసారులని దోచుకు తెచ్చే బోయవాడు, ఈ పాపంలో పాలు పంచుకుంటారా అని పెళ్ళాం పిల్లలని అడిగితే, మమ్మల్ని పోషించడం నీ బాధ్యత, పాపం నీదే, మాకేం సంబంధం అన్నారు. ఎంత హాయి అయిన జవాబో చూడండి! ఈనాటి కూలివాడి భార్యకి అలా అనే అవకాశం కూడా లేదు. వాడు తెచ్చిపెట్టేదేమీ లేదు, తాగిన సంతోషంలో ఆవిడకి చుక్క వాటా లేదు, పన్ను మాత్రం ఆవిడది. కట్టినట్టు రశీదైనా ఉండదు. ఆదాయపు పన్ను కట్టే మన మగవాళ్ళు "మా డబ్బుతోనే దేశం నడుస్తోంది, వీళ్ళందరికీ ఉచితాలు!" అని భోజనాల దగ్గర విసుక్కుంటూ ఉంటారు. ఆ మాట వింటూ పక్క గదిలో తడిగుడ్డ పెడుతున్న మనిషి, ఏడాది మొత్తం మీద తన రాబడిలో ఎన్నో వంతు ఖజానాకి చేర్చిందో ఎవరూ లెక్కగట్టరు.

వాడి కష్టార్జితం, వాడి ఇష్టం అనేవాళ్ళున్నారు. పెళ్ళికాని ఒంటరివాడి విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఇంట్లో నలుగురి ఆకలి ఆ కూలిమీద ఆధారపడి ఉన్నప్పుడు అది వాడొక్కడి కష్టార్జితం ఎలా అవుతుంది?

ఈ సంగతి మన రాష్ట్రంలో ఆడవాళ్ళు ఒకసారి గట్టిగానే చెప్పారు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగించిన పథకం అది, కాదనలేం. ఆ దశాబ్దంలోనే వారుణి వాహిని అన్న పేరుతో సర్కారు సారా ప్లాస్టిక్ పాకెట్లలో పల్లెపల్లెకీ వచ్చింది. పేరు చూడండి, ఏదో ప్రబంధంలో నాయికకి పెట్టినట్టు! బియ్యం బస్తాలో మిగిలిన రూపాయి సారా పాకెట్టుకి పోయేది. ఒకే సర్కారు ముందు గుమ్మంలో ఇచ్చి, పెరటి గుమ్మంలో పుచ్చుకునేది.

1990 ప్రాంతాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. అక్కడి ఆడవాళ్ళ వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఒకటుంది. ఊరి ఆడవాళ్ళని కూడగట్టి సారా ఆపించిన కథ. చదివారు, మనమూ చెయ్యొచ్చు కదా అనుకున్నారు. (పాఠ్యపుస్తకం చదివి అందులో ఉన్నట్టు చేసినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు!) 1992లో దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్ళూ ఊళ్ళో సారా అమ్మనివ్వమని ఎదురు తిరిగారు. అది జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు అడ్డుకునేదాకా వెళ్ళింది. అందులో ఉన్న తెలివి గమనించారా? మొగుడితో దెబ్బలాడితే ఇంటి గొడవ అంటారు. వేలంపాట ఆగిందంటే ఖజానాకి తగులుతుంది. ఎవరి చెయ్యి ఎవరి జేబులో ఉందో అప్పుడే ఓనమాలు నేర్చుకున్న ఆ మనుషులకి అర్థమైంది.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. దొంగసారా పెరిగింది, పొరుగు రాష్ట్రాలనుంచి సీసాలు వచ్చిపడుతున్నాయి, ఖజానా ఖాళీ అయింది అన్నారు. మొదటి రెండూ నిజమే, నిషేధం పెడితే జనం మర్నాటినుంచి మజ్జిగ తాగుతారని ఎవరూ అనుకోలేదు. మూడో కారణం విన్నప్పుడు మాత్రం పిన్నిగారి హుండీ చప్పుడు నా చెవిలో వినిపిస్తుంది.

మన రాజ్యాంగంలో 47వ అధికరణం అని ఒకటుంది. ప్రజల పోషకాహారం, జీవన ప్రమాణం, ఆరోగ్యం మెరుగుపరచడం ప్రభుత్వం తన ముఖ్య కర్తవ్యాల్లో ఒకటిగా భావించాలని, మందుగా తప్ప మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ఆదేశిక సూత్రం కనక కోర్టుకెళ్ళి అమలు చేయించలేం. అయినా అన్నం సంగతీ, సారా సంగతీ ఒకే అధికరణంలో పెట్టినవాళ్ళకి వంటిల్లు ఎలా ఉంటుందో తెలిసే ఉండాలి.

మరి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది అంటారా? ఆ ప్రశ్నకి జవాబు వెతికినవారు ఒకరున్నారు. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడు అది మన చిత్తూరు, కడప జిల్లాలకి వచ్చింది. పోయిన అబ్కారీ రాబడి పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. అంటే ఏమిటి? ఒక కూలివాడి ఇల్లు నిలబడడం కోసం, ఊళ్ళో సరుకు కొనే అందరూ తలా కాస్త భరించాలి. తాగనివాళ్ళం మేమెందుకు కట్టాలి అనొచ్చు. కాని తాగనివాళ్ళు ఎలాగూ కడుతున్నారు కదా, ఆ తాగుబోతు ఇంట్లోవాళ్ళు! ఆ భారం ఒక్క ఇంటిమీద కాకుండా ఊరంతా పంచుకోవడమే ఆయన చేసింది.

తర్వాత కథ విచిత్రంగా నడిచింది. నిషేధం పోయింది. దానికోసం పుట్టిన అమ్మకం పన్ను ఉండిపోయింది. పెళ్ళి ఆగిపోయినా పందిరి అద్దె కడుతున్నట్టు! అదే 2005లో వ్యాట్ అయింది, 2017లో జీఎస్టీలో కలిసింది. జీఎస్టీ వచ్చేటప్పుడు రాష్ట్రాలు తమ పన్నులు చాలావరకు వదులుకున్నాయి గాని, తాగే మద్యాన్ని మాత్రం అందులోకి రానివ్వలేదు. మనం పోపులడబ్బాలో దాచుకునే డబ్బులా విడిగా అట్టేపెట్టుకున్నాయి.

అన్నట్టు, అప్పుడే ఇంకో తమాషా జరిగింది. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు కుంకుమకీ, బొట్టుబిళ్ళలకీ, మట్టి గాజులకీ పన్ను లేదు. శానిటరీ నాప్కిన్లకి 12 శాతం. ఆడదాని చేతికి గాజులు అవసరమట, నెలనెలా వచ్చే అవసరం అవసరం కాదట! ఏడాదిపాటు ఆడవాళ్ళు గోలపెట్టాక 2018 జూలైలో తీసేశారు. ఏది పాపమో, ఏది పుణ్యమో, ఏది విలాసమో ఎక్కడో ఒక గదిలో కూర్చుని రాస్తారు. ఆ గదిలో మనలాంటివాళ్ళు ఎందరున్నారో మనం ఊహించుకోవచ్చు. 2025 సెప్టెంబరులో చక్కెర వేసిన గ్యాస్ డ్రింకులు కూడా 40 శాతం మెట్టెక్కాయి. పిల్లల పళ్ళ సంగతి చూస్తే నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడ డాక్టర్లు నన్ను అడ్డుకుంటారు. ధర పెరిగితే పొగాకు వాడకం తగ్గుతుంది, ముఖ్యంగా కుర్రాళ్ళు మొదలుపెట్టరు అంటారు వాళ్ళు. చిల్లర ధరలో కనీసం 75 శాతం పన్నే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఈ మాట ఒప్పుకోవలసిందే. పదహారేళ్ళ కుర్రాడి జేబులో లెక్కగా డబ్బుంటుంది, ధర చూసి వెనక్కి తగ్గుతాడు. వాడు మొదలుపెట్టకుండా ఆపే పన్ను ఎంత వేసినా నాకు సమ్మతమే. ఇరవై ఏళ్ళుగా తాగుతున్నవాడి సంగతి వేరు. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించి మద్యం షాపులు తెరిచినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో మొదట 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం ధర పెంచారు. ఎండలో క్యూలు మనం చూడనే చూశాం. ఆ జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. కరోనా కట్టడి వల్ల అప్పుడు అక్కడ షాపులు మూసి ఉన్నాయి, కనక అంతా ధరమీదకి నెట్టడం న్యాయం కాదు. కాని అలవాటు అంతదూరం వెళ్ళినవాడికి కావలసింది వైద్యం. పెంచిన ధరతో వాడికి వైద్యం చేస్తున్నామనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

ఏ పాపపు పన్ను మంచిదో తేల్చుకోవాలంటే, నేనైతే రాబడి తగ్గిన ఏడాది ప్రభుత్వం ముఖం చూస్తాను. "ఈ ఏడు ఎక్సైజు రాబడి తగ్గింది, అంత మేరకు ఇళ్ళు బాగుపడ్డాయి" అని ఒక మంత్రిగారు బడ్జెట్టు ప్రసంగంలో నవ్వుతూ చెప్పగలిగితే, ఆ పన్ను ఎంతున్నా నేను చప్పట్లు కొడతాను. తగ్గిందేమని కింది అధికారులని నిలదీస్తే మాత్రం, అది కుక్కరు కొన్న తర్వాతి హుండీ.

అంతదాకా నాది ఒక చిన్న కోరిక. సీసా మీద ఆరోగ్యానికి హానికరమని రాస్తున్నారు. అది తాగేవాడికోసం, వాడు చదవడు. దాని పక్కనే, ఈ ధరలో సర్కారు పన్ను ఇంత అని తెలుగులో పెద్ద అక్షరాలతో వెయ్యమనండి. పొద్దున్నే ఖాళీ సీసా ఎత్తి బయట పారేసే మనిషి చదువుతుంది. ఒక నెల సీసాలు గోడవార పేర్చి, కూడికలు పిల్లచేత చేయించుకుంటుంది. ఆ అంకె పట్టుకుని గ్రామసభలో లేచి నిలబడి, "ఈ నెల నేనింత కట్టాను. మా పిల్ల చదివే బళ్ళో మరుగుదొడ్డికి తలుపెందుకు లేదు?" అని అడుగుతుంది.